నలుపు మీద హరివిల్లు

గోళ్ళరంగు కొనబోయే ఆడవాళ్ళు ముందుగా చేసే పని సీసాను వెలుతురుకు ఎత్తి చూడడం. సీసాలో ఎరుపు కనిపిస్తే గోటిమీదా ఎరుపే, సీసాలో గులాబీ కనిపిస్తే గోటిమీదా గులాబీయే. చాలా రంగుల విషయంలో ఈ లెక్క తప్పదు. కాని ఈ లెక్కకు లొంగని జాతి ఒకటున్నది. దాన్ని సీసాలో చూస్తే ఆకర్షణ ఏమీ కనిపించదు. తేనెరంగు గాజుకాగితాన్ని ఎవరో ముక్కముక్కలుగా చింపి పలచని జిగురులో వేసినట్టుంటుంది. ఉత్త గోటిమీద పూస్తే పొలుసు రేగినట్టు కనిపిస్తుంది. "దీనికా ఇంత డబ్బు పోశాను!" అని ఆ సీసాను బీరువా మూలకు తోసేసిన వాళ్ళు ఎందరో.

అదే రంగును, బాగా ఆరిన నల్లరంగు మీద, ఒక్క పలచని పూత పూసి చూడండి. ఆరిపోయిందనుకున్న బొగ్గుమీద ఎవరో ఊదినట్టు, ఎర్రని కణికలు లేస్తాయి. వేలు కొంచెం తిప్పితే ఆ ఎరుపు బంగారమవుతుంది. ఇంకొంచెం తిప్పితే చిలకాకుపచ్చ. ఎవరి గోరు వాళ్ళే నమ్మలేనట్టు చూసుకుంటారు!

ఇంగ్లీషులో వీటికి 'ఫ్లేకీలు' అని ముద్దుపేరు. పొడిలాగా కాక రేకులు రేకులుగా ఉంటాయి గనుక మనం రేకురంగులందాం. ఇవి ఒంటరిగా రాణించవు. కింద ఒక రంగు, పైన ఒక పూత, అవసరమైతే మధ్యలో మరొకటి – ఇలా పొరలు పేర్చినప్పుడే వీటి అసలు రూపం బయటపడుతుంది. ఆ పేర్పు ఇంట్లోనే, అరగంట తీరికలో, ఎవరైనా చేసి చూడదగిన ప్రయోగం. అయితే చేసే ముందు ఆ రంగు ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకుంటే ప్రయోగం తడుములాటగా మిగలదు. సగం ఖర్చూ తగ్గుతుంది.

జీరంగి విద్య

పల్లెటూళ్ళో పెరిగిన వాళ్ళకు జీరంగి పురుగు తెలియకపోదు. వానలు పడగానే తుమ్మచెట్ల మీద కనిపించే ఆ పచ్చని పురుగును అగ్గిపెట్టెలో పెట్టి, తుమ్మాకు మేపిన పిల్లలు ఎందరో! దాని రెక్క ఎంత పాతబడినా ఆ నిగనిగ పోదు. అందుకే మన దేశంలో ఆ రెక్కలను బట్టలమీద కుట్టేవారు. 1903 ఢిల్లీ దర్బారులో వైస్రాయి భార్య లేడీ కర్జన్ ధరించిన నెమలిగౌను మీద, ఒక్కొక్క నెమలికన్ను నడుమ, ఆకుపచ్చగా మెరిసినవి ఈ పురుగు రెక్కలే.

ఆ రెక్కలో పచ్చరంగు నలిపి తీద్దామంటే దొరకదు. నెమలిపించంలో నీలమూ అంతే. వాటిలో ఉన్నవి ఒకదానిమీద ఒకటి పేర్చిన అతి పలచని పొరలు. సబ్బుబుడగ మీదా, వానకు తడిసిన రోడ్డుపై ఒలికిన పెట్రోలు మీదా మనం చూసే రంగులు కూడా ఈ కుటుంబానివే. సబ్బునీటికి రంగు లేదు, పెట్రోలు పొరకూ లేదు. పొర పలచదనమే రంగుగా కనిపిస్తుంది.

అదెలాగంటారా? వెలుతురు పలచని పొరమీద పడగానే కొంత పైముఖంనుంచి తిరిగి వస్తుంది. కొంత లోపలికి పోయి అడుగుముఖంనుంచి తిరిగి వస్తుంది. రెండో దానికి దారి కొంచెం ఎక్కువ. ఇద్దరు కలిసి ఉయ్యాల ఊపుతున్నారనుకోండి. ఇద్దరూ ఒకే అదనులో తోస్తే ఉయ్యాల చూరు అందుకుంటుంది. ఒకరు తోసే వేళకు మరొకరు పట్టి ఆపితే ఉన్నచోటనే నిలబడిపోతుంది. తిరిగివచ్చిన ఆ రెండు వెలుతురులూ అంతే. ఏ రంగుకు అదను కుదిరిందో అది పెద్దదవుతుంది, కుదరనిది అణగిపోతుంది. పొర మందం మారితే అదను కుదిరే రంగూ మారుతుంది. మనం చెయ్యి వంచినప్పుడు లోపలి కిరణం లెక్క మారుతుంది గనుక ఎరుపు బంగారానికీ, ఆకుపచ్చ నీలానికీ జరుగుతాయి. ఇదంతా జరిగే పొర మందం ఎంతో తెలుసునా? ఒక మిల్లీమీటరును 10,000 భాగాలు చేస్తే, అందులో నాలుగైదు భాగాలు!

ఈ రంగులను పట్టించుకుని చూసిన తొలి శాస్త్రజ్ఞులలో రాబర్ట్ హుక్ ఒకడు. 1665లో అచ్చయిన తన 'మైక్రోగ్రాఫియా' గ్రంథంలో ఆయన అభ్రకపు రేకులను విడదీసి, వాటిలో కనిపించిన రంగులను వర్ణించాడు. న్యూటన్ 1704లో తన 'ఆప్టిక్స్'లో ఏ మందానికి ఏ రంగో కొలిచి చూపించాడు. తర్వాత వందేళ్ళకు థామస్ యంగ్ ఈ అదను రహస్యాన్ని విప్పాడు. మన దేశంలో సర్ సి.వి. రామన్ ముత్యపు చిప్పలు, క్షీరస్ఫటికాలు, పక్షుల ఈకల రంగులను ఎంతో ఇష్టంగా పరిశోధించాడు. ఆయన చిన్నతనం గడిచింది మన విశాఖపట్నంలోనే.

హుక్ చేతిలోని అభ్రకం మనకు మాత్రం కొత్తదా? గూడూరు చుట్టుపట్ల గనులలో తవ్వి తీసింది అదేగా! మనవాళ్ళు దానికి పెట్టిన పేరు కాకిబంగారం. మెరుస్తుంది గాని విలువలేనిదని వెక్కిరింపు. ఆ కాకిబంగారమే ఇవాళ ప్రపంచంలోని అలంకార సామగ్రికి తళుకులు అద్దుతోంది.

సీసాలోకి వచ్చిన తీరు

గోటికి రంగు వెయ్యడం మనకు గోరింటాకుతోనే తెలుసు. గోరింటాకు ఎరుపు గోటిలోకి ఇంకి, గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగి పోతుంది. సీసాలోని గోళ్ళరంగు స్వభావం వేరు. అది పైన పొరగా ఆరిపోతుంది. అమెరికాలో క్యూటెక్స్ కంపెనీ ద్రవరూపంలో గోళ్ళరంగును 1917లో అమ్మింది. మన ఇళ్ళలో ఏ కంపెనీ రంగునైనా చాలాకాలం 'క్యూటెక్స్' అనే పిలిచారంటే ఆ పేరు ఎంత నాటుకుందో చూడండి. 1932లో రెవ్లాన్ వచ్చి, అడుగు కనిపించని చిక్కని రంగులను తెచ్చింది. మోటారు కార్లకు ఒకప్పుడు పూసిన లక్కరంగులకూ, వీటికీ మూలపదార్థం ఒకటే: నైట్రోసెల్యులోజ్. దాన్ని ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ వంటి ద్రావకాలలో కరిగిస్తారు. ద్రావకం ఆవిరై పోతే పొర మిగులుతుంది. గోళ్ళరంగు ఆరడమంటే అదే.

మెరుపు కోసం తొలిరోజుల్లో చేపలను ఆశ్రయించారు. ఫ్రాన్సులో 17వ శతాబ్దంలోనే చేపపొలుసుల తళుకును తీసి, గాజుపూసల లోపల పూసి, ముత్యాలని నమ్మించేవారు. ఆ తళుకే తర్వాత గోళ్ళరంగులోకీ దిగింది. 1960లనుంచి అభ్రకపు పలుకుల మీద టైటానియం డయాక్సైడును అతి పలచగా పూతపెట్టే విద్య వ్యాపించింది. ఆ పూత మందాన్ని బట్టి వెండి, బంగారం, ఎరుపు, నీలం, ఆకుపచ్చ తళుకులు వస్తాయి. ఆ తర్వాత ప్లాస్టిక్‌ను కూడా వందకు పైగా పొరలు పేర్చి, కాగితంకంటె పలచని పట్టీగా లాగి, ముక్కలు చేశారు. లోహపు పొరలను నడుమ ఇరికించిన రకాలూ వచ్చాయి. మీ దగ్గరున్న 500 రూపాయల నోటును అటూ ఇటూ వంచి చూడండి. అందులోని దారం ఆకుపచ్చనుంచి నీలానికి మారుతుంది. దొంగనోటును పట్టించే ఆ విద్యా, గోటిమీద షోకు చేసే ఈ విద్యా దగ్గరి చుట్టాలే.

2010కి అటూ ఇటూ పాశ్చాత్య దేశాలలో రేకురంగుల మోజు ఉవ్వెత్తున లేచింది. నూబార్ కంపెనీ '2010' అనే అంకెనే పేరుగా పెట్టి ఒక రేకురంగు తెచ్చింది. 2011లో ఎస్సీ కంపెనీ 'షైన్ ఆఫ్ ది టైమ్స్' అనే పైపూతను విడుదల చేసింది. ఇంగ్లండులో మాక్స్ ఫాక్టర్ వారి 'ఫాంటసీ ఫైర్' ఊదారంగు పలుచని జిగురులో నిప్పురవ్వల్లాంటి మెరుపులతో వచ్చి, ఎందరినో దుకాణాల చుట్టూ తిప్పింది. వీటి చమత్కారమల్లా కింద వేసే రంగులో ఉన్నది. ఏ సీసామీదా ఆ సంగతి పూర్తిగా రాసి ఉండదు. ఇంట్లో కూర్చుని, ఒక్కొక్క గోటికి ఒక్కొక్క రంగు వేసి, పైన ఒకే రేకురంగు పూసి చూసుకున్న ఆడవాళ్ళే దాన్ని కనిపెట్టారు.

మొదటి ప్రయోగం: నాలుగు పునాదులు

మీరూ అదే చెయ్యండి. మొదటే గోళ్ళమీదకు వెళ్ళనక్కరలేదు. పాత ప్లాస్టిక్ డబ్బామూత చాలు. దానిమీద తెలుపు, ఎరుపు, ముదురు నీలం, నలుపు – నాలుగు రంగులను బొటనవేలి గోరంత మేర పూయండి. పూర్తిగా ఆరనివ్వండి. ఇప్పుడు నాలుగింటి మీదా ఒకే రేకురంగును ఒక్కొక్క పూత వెయ్యండి. ఆరాక కిటికీ దగ్గరా, దీపం కిందా, ఎండలోనూ చూడండి.

తెలుపు మీద రేకులు దాదాపు మాయమైపోతాయి. ఎరుపు మీద ఆకుపచ్చ రేకులు పచ్చదనం వదిలి బంగారపు ఛాయకు తిరుగుతాయి. నీలం మీద ఎర్రరేకులు వంగపండు రంగు పుంజుకుంటాయి. నలుపు మీద ప్రతి రేకూ దాని అసలు రంగులో వెలుగుతుంది.

ఈ తేడా ఎందుకు వచ్చింది? రేకు వెలుతురులో ఒక భాగాన్నే వెనక్కు పంపుతుంది. తక్కినది దానిగుండా కిందికి దిగిపోతుంది. కింద తెలుపుంటే దిగిన వెలుతురునంతా మళ్ళీ పైకి తోస్తుంది. రేకు పంపిన ఎరుపూ, తెలుపు తోసిన తక్కిన రంగులూ కలిసి మొదటి తెల్లని వెలుతురే అవుతాయి. రేకు పడిన కష్టమంతా బూడిదలో పన్నీరు. నలుపు అలా కాదు. కిందికి దిగిన వెలుతురును మింగి ఊరుకుంటుంది. అప్పుడు మన కంటికి చేరేది రేకు పంపిన రంగు ఒక్కటే. "నలుపు నారాయణుడు మెచ్చు" అన్న సామెతను ఒంటి రంగు గురించి ఓదార్పుగా చెబుతుంటారు గాని, ఇక్కడ అది నిక్కమైన శాస్త్రం!

అందుచేత, "నా చేతికి నలుపు నప్పదు" అని ముందే కొట్టిపారెయ్యకండి. మధ్యలో మానేస్తే తప్ప ఆ నలుపు నలుపుగా మిగలదు. కాని ఆ మధ్యకాలంలో ఇంట్లో ఇలాంటి సంభాషణ ఒకటి తప్పకపోవచ్చు:

"ఏమిటమ్మాయ్, గోళ్ళకు తారు పూశావూ?"

"ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టండి అత్తయ్యా."

పది నిమిషాల తర్వాత అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరకు లాగి, ఇటు తిప్పి అటు తిప్పి చూసి, "ఆ సీసాలో ఇంకా ఉందా?" అని అడగకపోతే ఆశ్చర్యపోవాలి.

గోరింటాకు పండిన గోళ్ళ మీద కూడా రేకురంగు ఒక పూత వేసి చూడవచ్చు. నలుపు మీద వచ్చినంత జోరు రాదు. ఎర్రని గోటిపైన సన్నని బంగారు రజను రాలినట్టుంటుంది. ఆషాఢంలో అంతకంటె ఏం కావాలి?

మీ సీసాలోని రేకులు తెలుపుమీద కూడా బాగా కనిపిస్తే నిరాశ పడకండి. అవి నడుమ లోహం ఉన్న రకం అన్నమాట. కిందికి దిగే వెలుతురును లోహమే అడ్డుకుంటుంది గనుక వాటికి పునాది పట్టింపు తక్కువ.

రెండో ప్రయోగం: ఎన్ని పూతలు?

ఒక పూత ఇంత బాగుంటే మూడు పూతలు మూడింతలు బాగుంటాయనుకోవడం సహజం. నలుపు మీద మూడుచోట్ల ఒకటి, రెండు, మూడు పూతలు వేసి పోల్చి చూడండి. ఒక పూతలో రేకుకూ రేకుకూ మధ్య నలుపు కనిపిస్తూ, రాత్రి ఆకాశంలో చుక్కల్లాగ ఉంటుంది. రెండు పూతల్లో నిండుగా, అద్దకపు పనిలాగ ఉంటుంది. మూడో పూతకు రేకుల మీద రేకులు అడ్డదిడ్డంగా ఎక్కి, అంచులు లేచి, గోరు చేపవీపులాగ గరుకవుతుంది. రేకు బల్లపరుపుగా పడుకుంటేనే వెలుతురును తిన్నగా మన కంటికి పంపగలదు. నిలబడ్డ రేకు నిష్ప్రయోజనం.

రేకును పడుకోబెట్టడానికి కొద్ది నేర్పు కావాలి. సీసాను గట్టిగా కుదిపితే బుడగలు పుడతాయి, అవి గోటిమీద పొక్కులై తేలతాయి. రెండు అరచేతుల మధ్య, కవ్వం తిప్పినట్టు దొర్లిస్తే మేలు. నిలవ ఉన్నప్పుడు రేకులు అడుగుకు దిగిపోకుండా గోళ్ళరంగులో ఒక రకం బంకమన్నును కలుపుతారు. అది కదలకుండా ఉంటే పేరుకుంటుంది, కదిపితే పలచబడుతుంది. అందుకే వాడేముందు దొర్లించడం తప్పనిసరి. కుంచెను సీసా మూతికి ఒకవైపు తుడిచి, గోటిమీద ఈడ్వకుండా, అక్కడక్కడ మెల్లగా అద్దండి. ఈడిస్తే రేకులన్నీ కుంచెతో పాటు గోటి కొసకు చేరి, మొదలు బోసిగా మిగులుతుంది.

మూడో ప్రయోగం: నీటి అడుగున చేపలు

అసలు సరదా ఇక్కడ మొదలవుతుంది. అడుగు కనిపించేంత పలుచగా, రంగు గాజులాగ ఉండే గోళ్ళరంగులు కొన్ని ఉంటాయి. వీటిని గాజురంగులందాం. అది దొరక్కపోతే రంగులేని పూతలో రెండు మూడు చుక్కలు ముదురు రంగు కలిపి మీరే తయారు చేసుకోవచ్చు. ఇందుకు ఖాళీ అయిన సీసాను కడిగి ఆరబెట్టి ఉంచుకోండి.

నలుపు ఒక పూత, దానిమీద రేకులు ఒక పూత, దానిమీద నీలపు గాజురంగు ఒక పలచని పూత, దానిమీద మళ్ళీ కొద్దిగా రేకులు. కింది రేకులు నీలిరంగులో మునిగి, లోతున మెరుస్తాయి. పై రేకులు తేటగా తళుక్కుమంటాయి. నిండుచెరువులో కొన్ని చేపలు అడుగునా, కొన్ని పైపైనా తిరుగుతున్నట్టుంటుంది. మిల్లీమీటరులో ఏ కొద్ది భాగమో ఉన్న పొరలలో అంత లోతు ఎలా వచ్చిందా అనిపిస్తుంది.

పునాదిని మార్చకుండా గాజురంగును మార్చి చూడండి. ఎర్రని గాజురంగు కింద నీలపు రేకులు అణగిపోతాయి, ఎర్రవీ బంగారపువీ మిగులుతాయి. అంటే పునాది అన్ని రేకులనూ పైకి తెస్తుంది, గాజురంగు వాటిలో కొన్నింటిని ఏరుకుంటుంది. ఈ రెండు సూత్రాలు వంటపట్టాయంటే మీరిక ఎవరినీ అడగనక్కరలేదు.

చివరకు పైపూత. నిగనిగలాడే రంగులేని పూత రేకుల అంచులను కప్పి గోటిని నునుపు చేస్తుంది. దాని బదులు నిగనిగను చంపే 'మ్యాట్' పూత వేశారనుకోండి, పైమెరుపు పోయి, రేకులు మంచుపట్టిన గాజు వెనుక దీపాల్లాగ మెత్తగా కనిపిస్తాయి. పెళ్ళి సందడికి మొదటిది, ఆఫీసుకు రెండోది.

ఇప్పుడు ఇల్లాలి లెక్క ఒకటి చూద్దాం. పునాదికి నాలుగు సీసాలు, రేకురంగు ఒకటి, గాజురంగులు రెండు, పైపూతలు రెండు – మొత్తం తొమ్మిది. పునాదులు 4. గాజురంగు వెయ్యకపోవడం, ఒకటి వెయ్యడం, రెండోది వెయ్యడం – 3 విధాలు. పైపూతలు 2. హెచ్చవేస్తే 24 వేషాలు! వీటిలో చాలా సీసాలు ఇదివరకే మీ ఇంట్లో సగం సగం మిగిలి ఉండి ఉంటాయి. కొత్తరంగు వచ్చినప్పుడల్లా దుకాణానికి పరుగెత్తే కంటె, ఉన్న సీసాలను ఒకదానితో ఒకటి మాట్లాడించడం తెలివైన పని.

తొందర పడితే చెడుతుంది

ఇంత పేర్పులో పూతలు ఐదారవుతాయి. ప్రతి పూతా పలచగా ఉండాలి. మందపు పూత పైన తెట్టుకట్టి, లోపలి ద్రావకాన్ని బయటికి పోనివ్వదు. పాలమీద మీగడ కట్టినట్టే. పైకి ఆరినట్టుంటుంది గాని, గంట తర్వాత దుప్పటి తగిలితే ముడత పడిపోతుంది. పూతకూ పూతకూ మధ్య ఐదు నిమిషాలైనా ఇవ్వండి. అంతా అయ్యాక కూడా లోపల గట్టిపడడానికి గంటలు పడుతుంది. రంగు వేసుకుని వెంటనే అంట్లు తోమడానికి కూర్చోకండి. అసలు ఆ సాయంత్రం అంట్లపని ఇంట్లో మరొకరికి అప్పగించడానికి ఇదొక మంచి సాకు.

నల్లరంగు ఉత్త గోటికి తగిలితే పచ్చని మరక మిగలవచ్చు. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. మొదలునుంచి కొసకు పూర్తిగా మారాలంటే ఆరు నెలలు కావాలి. మరక పడితే అది అన్నాళ్ళూ మీతోనే ఉంటుంది. కాబట్టి అన్నింటికంటె ముందు రంగులేని అడుగుపూత ఒకటి తప్పక వెయ్యండి.

తీసేటప్పుడే రేకురంగు తన మొండితనం చూపిస్తుంది. దూదిని అసిటోన్‌లో ముంచి రుద్దితే రేకులు వేళ్ళంతా పాకుతాయి. రుద్దకండి. తడిపిన దూదిని గోటిమీద ఉంచి, పైన అల్యూమినియం రేకును చుట్టి, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. తర్వాత నొక్కి లాగితే పొర ముద్దగా వచ్చేస్తుంది. గోటితో గిల్లి పెచ్చులు ఊడదియ్యకండి. పెచ్చుతోపాటు గోటి పైపొర కూడా లేస్తుంది.

ఆ దూదిని తూములో వెయ్యకుండా చెత్తబుట్టలో వెయ్యండి. ప్లాస్టిక్ రేకులు నీటిలో కరిగేవి కావు. ఈ కారణం చేతనే యూరోపియన్ యూనియన్ విడి ప్లాస్టిక్ తళుకుపొడి అమ్మకాన్ని 2023 అక్టోబరులో ఆపింది. గోళ్ళరంగులకు 2035 దాకా గడువు ఇచ్చింది. చేత్తో కలుపుకుని తినే మనకు ఇంకో సంగతి కూడా ఉన్నది. అంచు లేచిన రంగుతో పప్పన్నం కలిపితే ఆ రేకు ఎక్కడికి పోతుందో చెప్పనక్కరలేదు. పెచ్చు లేచిన రోజే మొత్తం తీసెయ్యడం మర్యాద.

ఇంకా రెండు మాటలు. గోళ్ళరంగుకూ, దాన్ని తీసే ద్రవానికీ నిప్పంటే ఇట్టే అంటుకునే గుణం ఉన్నది. పొయ్యి దగ్గరా, దేవుడి దీపం దగ్గరా ఈ సరదా వద్దు. కిటికీ తెరిచి కూర్చోండి, సీసాలు పిల్లలకు అందనివ్వకండి. ఇక ఆసుపత్రికి వెళ్ళవలసి వస్తే, ముఖ్యంగా ఆపరేషను ఉంటే, రంగు పూర్తిగా తీసి వెళ్ళండి. రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉన్నదో చూడడానికి వేలికి తగిలించే చిన్న యంత్రం, గోటిగుండా వెలుతురును పంపి కొలుస్తుంది. వెలుతురును మింగడంలో నలుపు ఎంత ఘనమైనదో ఇంతకుముందే చూశాం గదా! గోటిమీద మనకు మెరుపు తెచ్చిన గుణమే అక్కడ లెక్క తప్పించవచ్చు. గోరు ఊడుతున్నా, రంగు మారినా, నొప్పి పెడుతున్నా దానిమీద రంగు వేసి దాచకండి. వైద్యుడు చూడవలసిన గోరది.

చూపుకు చదువు

"గోళ్ళమీద ఇంత పరిశోధనా! చేసే పనేమీ లేదా?" అని మగవాళ్ళు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. హుక్ అభ్రకం విడదీసినప్పుడూ, న్యూటన్ సబ్బుబుడగ చూస్తూ కూర్చున్నప్పుడూ నవ్విన వాళ్ళు ఉండే ఉంటారు. నాలుగు రంగుల మీద ఒకే పూత పూసి, తేడా చూసి, ఎందుకని ప్రశ్నించి, రెండోసారి ఒక్క అంశమే మార్చి మళ్ళీ చూడడం – ప్రయోగశాలలో జరిగేది కూడా ఇదే. మీ ఇంట్లో పది పన్నెండేళ్ళ అమ్మాయి ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. గోటికి వెయ్యకపోయినా ఫరవాలేదు. డబ్బామూత మీద రంగులు తనచేత పూయించి, తెలుపు మీద మెరుపు ఎందుకు పోయిందో తననే చెప్పమనండి. పాఠ్యపుస్తకంలో కాంతి పాఠం వచ్చిననాడు ఆ పిల్ల బెదరదు.

ఇంతకీ ఆ బీరువా మూలన పడేసిన సీసా ఇంకా ఉన్నదా? ద్రావకం ఆవిరై గట్టిపడిపోక ముందే తీసి చూడండి. దానిలో లోపమేమీ లేకపోవచ్చు. తగిన పునాది ఇంతవరకు దొరకలేదు, అంతే.